అన్నయ్య కోపం

మహిళా జైలు, కుట్టు షెడ్డు
ఆదివారం

వదినకి,

నువ్వు పంపిన ఉన్ని చొక్కా అందింది. తనిఖీ గదిలో జేబులు తిరగేసి, గుండీలన్నీ లాగి చూసి, ఆఖరికి వార్డెనమ్మ "మీ వదినకి నీ కొలతలు బాగానే గుర్తున్నాయే" అంది. గుర్తుండక ఏం చేస్తాయి? నువ్వు మా ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు నీ బట్టలు నేనూ, నా బట్టలు నువ్వూ వేసుకుని అన్నయ్యని తికమక పెట్టినవాళ్ళమే కదా. ఇప్పుడు భుజాల దగ్గర కాస్త వదులైంది. మొహం మాత్రం నిండింది. చూస్తే నువ్వే దిష్టి పెడతావు.

అసలు సంగతి ఏమిటంటే, వచ్చే నెల నన్ను బయటికి వదులుతారట. శిక్ష ఇంకా మిగిలే ఉంది. నడవడిక బాగుందని, మత్తుమందు జోలికి పోకుండా ఇన్నాళ్ళు ఉన్నానని, ఆ మిగిలింది బయట గడపనిస్తారు. షరతులు రెండు. ప్రతి సోమవారం పర్యవేక్షణ అధికారి దగ్గరికి వెళ్ళి కనపడి, పరీక్షకి మూత్రం ఇచ్చి రావాలి. రెండోది, ఇక్కణ్ణుంచి కదలకముందే, ఫలానా చోట ఉంటానని ఒక చిరునామా చూపించాలి.

ఆ చిరునామా మీది రాయొచ్చా? ముందుగదిలో ఒక మూల చాలు. ఇక్కడ మగ్గిన ఎముకలకి నేల మెత్తగానే ఉంటుంది. పని దొరికేదాకానే. వంటింట్లో నీకు చేతిసాయం ఉంటుంది, నీ వంటకి వంకలు పెట్టే మనిషి కూడా దొరుకుతుంది.

అన్నయ్యని నువ్వే అడుగు. నేను నేరుగా రాస్తే, కవరు మీద నా రాత చూసి విప్పకుండా పక్కన పడేస్తాడేమోనని భయం. తీర్పు చదివిన రోజు కోర్టులో వెనక వరసలో కూర్చున్నాడు, తర్వాత లేచి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి మాట లేదు. ఆయన తప్పని అనడం లేదు. ఊరికే అడగమంటున్నాను.

నీ గువ్వ


డ్రైక్లీనింగ్ షాపు, కౌంటరు వెనక
గురువారం

గువ్వా,

నీ ఉత్తరం షాపుకే వచ్చింది. మంచిదే అయింది, ఇకమీదట కూడా ఇక్కడికే రాయి. ఈ వారం ఒక పెద్దాయన కోటు జేబులో కట్టుడు పళ్ళు వదిలేసి ఇచ్చాడు. ఆవిరి ఇస్త్రీ పెట్టబోతుంటే చేతికి తగిలాయి. ఫోన్ చేసి "మీ పళ్ళు మా దగ్గరే ఉన్నాయండీ" అంటే, ఆయన "ఉదయం నుంచి మా ఆవిడ మీద అరుస్తున్నాను, ఫోన్ పెట్టేయండి తల్లీ, ముందు ఆవిడకి చెప్పుకోవాలి" అన్నాడు. పళ్ళు లేకుండా ఎలా అరిచాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మీ అన్నయ్యని అడిగాను. ఇంకొన్నాళ్ళు ఆగమన్నారు. కోపం తగ్గలేదు, గువ్వా. ఆయన సంగతి నీకు తెలుసు. డిపోలో టైమ్‌కీపరుగా ఇన్నేళ్ళు చేసి మనుషుల్ని కూడా బస్సుల్లాగే చూస్తారు. రావలసిన వేళకి రాకపోతే పుస్తకంలో ఎర్రసిరా. పైగా ఈ క్వార్టర్స్ గోడలు ఎంత పల్చనో నీకు తెలుసుగా, పక్కింట్లో దగ్గితే మన ఇంట్లో మంచినీళ్ళు తెస్తాం. నువ్వు వస్తే ఇబ్బంది పడేది నువ్వే.

అందుకని నేనే ఒక పని చేశాను. నువ్వున్న నగరంలోనే, విడుదలైన ఆడవాళ్ళకి ఒక హాస్టలు ఉందట. అక్కడి మేట్రన్‌తో మాట్లాడాను. గొంతు కటువుగా ఉంది గానీ మనిషి మంచిదిలాగే ఉంది. మంచం ఇస్తామన్నారు. ఆ చిరునామా రాసుకో. దుప్పటి, తువాళ్ళు, రెండు జతల బట్టలు అక్కడికే పంపిస్తాను.

నా మీద కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా రాయడం మానకు.

నీ వదిన


ఆడవాళ్ళ హాస్టలు, వీధి వైపు గది
మంగళవారం

వదినకి,

నీ మీద కోపమా? నీ తువాళ్ళతో మొహం తుడుచుకుంటూ నీ మీద కోపం ఎలా తెచ్చుకోను?

గదిలో నలుగురం. నా మంచం కిటికీ పక్కన. ఎదురుగా సైకిళ్ళ షాపు, దాని పక్కన తాళాలు చేసే ఆయన. మొదటి రెండు రోజులు తలుపు నేనే తీసుకుని బయటికి వెళ్ళొచ్చన్న సంగతి మరిచిపోయి, ఎవరైనా తీస్తారేమోనని దాని ముందు నిలబడ్డాను. మేట్రన్ చూసి "అది తలుపు, నెట్టితే తెరుచుకుంటుంది" అంది. నవ్వొచ్చింది.

పని ఇంకా దొరకలేదు. ఆస్పత్రుల సంగతి నీకు చెప్పక్కర్లేదు, నా నర్సు రిజిస్ట్రేషన్ ఎప్పుడో రద్దయింది. మళ్ళీ ఇవ్వమని అర్జీ అయితే పెట్టాను. ఈలోగా రొట్టెల ఫ్యాక్టరీకి, హోటల్లో గదులు ఊడ్చే పనికి, బడి వంటగదికి వెళ్ళొచ్చాను. అన్నిచోట్లా ఒకే ప్రశ్న, 'మీకు ఎప్పుడైనా నేరానికి శిక్ష పడిందా' అని. అవును అన్నాక రెండో ప్రశ్న ఉండదు.

వృద్ధాశ్రమంలో మాత్రం ఆశ పుట్టింది. నేను వరండాలో కూర్చుని ఉంటే ఒక ముసలావిడ కుర్చీలోంచి జారుతోంది. లేచి, చంకల కింద చేతులు వేసి, నడుము మీద బరువు పడకుండా పైకి జరిపాను. అది చూసి అక్కడి మేనేజరు "మీకు పని వచ్చు" అంది. టీ కూడా ఇచ్చింది. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది.

"దేనికి పడింది శిక్ష?"

"మత్తుమందులకి."

ఆవిడ కప్పు కింద పెట్టింది. "వేరే ఏదైనా అయితే పైవాళ్ళతో మాట్లాడి చూసేదాన్ని. మా దగ్గర మందుల అలమారా ఉంటుంది కదమ్మా. రేపు ఒక్క మాత్ర లెక్క తప్పినా అందరూ మీ వైపే చూస్తారు. మీరు తీయకపోయినా చూస్తారు."

నిజమే అనిపించింది. అదే బాధ. ఆవిడ నన్ను గుమ్మం దాకా సాగనంపింది కూడా.

అలా అని దిగులుగా ఉన్నానని అనుకోకు. సాయంత్రాలు ఈ చుట్టుపక్కల వీధులన్నీ తిరుగుతాను. ఎండ నా ఇష్టం వచ్చినంత. దుకాణంలో సబ్బు కొనడానికి నాలుగు రకాలు వాసన చూశాను. దుకాణదారు విసుక్కున్నాడు. అదీ బాగుంది.

గువ్వ


డ్రైక్లీనింగ్ షాపు
శనివారం

గువ్వా,

నీ సబ్బు సంగతి చదివి నవ్వుకున్నాను. నాలుగింటిలో ఏది కొన్నావో రాయనే లేదు.

ఒక మాట అడగనా? అడగకూడదేమో. మొదటిసారి పట్టుబడ్డప్పుడు నిన్ను జైల్లో పెట్టలేదు కదా. శిక్ష పడింది, జరిమానాతో వదిలేశారు. అమ్మయ్య, బుద్ధొస్తుంది, ఇక మానేస్తుంది అనుకున్నాం మేమిద్దరం. నువ్వూ మానేస్తానన్నావు. అలాంటిది ఏడాది తిరక్కుండా మళ్ళీ, అదీ ఇంకొకళ్ళ పొట్లం చేతిలో పట్టుకుని దొరికావు. అప్పుడే ఎందుకు ఆగలేదు? ఇష్టం లేకపోతే జవాబు రాయకు, సబ్బు పేరు రాయి చాలు.

మీ అన్నయ్య బాగానే ఉన్నారు. కొత్త చెప్పులు కొనుక్కోమంటే వినరు. మొన్న ఉన్నట్టుండి "ఆ హాస్టల్లో వేడినీళ్ళు వస్తాయా?" అన్నారు. ఏ హాస్టల్లో అంటే పేపరు చదువుకున్నారు.

వదిన


ఆడవాళ్ళ హాస్టలు
ఆదివారం మధ్యాహ్నం

వదినకి,

నిమ్మకాయ వాసనది కొన్నాను. ఇక రెండో ప్రశ్న.

రోగిని బల్ల మీదికి ఎత్తబోయి నా నడుము పట్టేసిన సంగతి నీకు తెలుసు. డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్రలతో మొదలైంది. అవి చాలక, ఆపరేషన్ల గదిలో మిగిలిపోయిన ఇంజెక్షన్లు తీసుకోవడం మొదలుపెట్టాను. అంతవరకూ మీకు చెప్పాను. మీకు చెప్పనిది, ఆ మొదటి కేసు తర్వాత ఏమైందో. కేసు పడిన వారానికే ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోతే అద్దె గది పోయింది. తోటి నర్సులు వీధిలో కనపడితే ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. అలవాటు మాత్రం ఎక్కడికీ పోలేదు, వదినా. అంతకుముందు డ్యూటీ ఉండేది, పొద్దున లేవాలి, చేతులు వణకకూడదు. ఆ భయమే నన్ను కాస్త పట్టి ఉంచేది. కేసు తర్వాత రోజంతా నాదే. మత్తు మాన్పించే చోటికి వెళ్తే పేర్లు చాలా ఉన్నాయి, పిలుస్తాం అన్నారు. పిలవలేదు. నన్ను అప్పుడు కూర్చోమని కుర్చీ వేసింది మందు అమ్మేవాడొక్కడే. ఫలానా ఇంటికి ఈ పొట్లం ఇచ్చిరా, నీది నీకిస్తాను అన్నాడు. వెళ్ళాను.

తప్పు ఎవరి మీదకో తోయడానికి రాయలేదు. నువ్వు అడిగావు, జరిగింది రాశాను. రాశాక ఆకలేసింది, లేచి రెండు గుడ్లు ఉడకబెట్టుకుని తిన్నాను.

ఇక మంచి సంగతి. నాకు పని దొరికింది.

హాస్టలు వెనక వీధిలో పాత సోఫాలు, కుర్చీలు బాగుచేసే షాపు ఉంది. అద్దం మీద 'కుట్టుపని వచ్చినవాళ్ళు కావాలి' అని అంటించి ఉంటే లోపలికి వెళ్ళాను. యజమానికి అరవై దాటాయి. జుట్టులో, కనుబొమల్లో ఎప్పుడూ దూది. వీధంతా దూది బాబాయ్ అంటారు. బోర్లా పడుకోబెట్టిన సోఫాకి అడుగున పట్టీలు బిగిస్తూ, తలెత్తకుండానే అడిగాడు.

"ఏం కుట్టావు ఇదివరకు?"

"తలగడ గలీబులు. అంతకుముందు మనుషుల్ని."

అప్పుడు తలెత్తాడు. నర్సునని, చిన్నచిన్న గాయాలు కుట్టేదాన్నని చెప్పాను.

"మంచి పని కదా. ఎందుకు మానేశావు?"

మొత్తం చెప్పాను. రెండు కేసులు, జైలు, సోమవారం హాజరు, పరీక్ష, అన్నీ. ఎలాగూ అడుగుతాడు, మధ్యలో ఆపి బయటికి పంపడమేదో త్వరగా పంపేస్తే మంచిదని. ఆయన పట్టీ లాగి మేకు కొట్టి, లేచి నడుము నిటారు చేసుకున్నాడు.

"జైల్లో పొద్దున ఎప్పుడు లేపుతారు?"

"తెల్లారకముందే."

"అయితే షాపు నువ్వే తెరువు. నలభై ఏళ్ళుగా పొద్దున్నే లేవడం నా వల్ల కావట్లేదు. సోమవారాలు నీ హాజరు చూసుకునే రా."

మొదటిరోజు వంకర సూది చేతికిచ్చాడు. సోఫా మూలల్లో తిన్నని సూది దూరదు కాబట్టి అర్ధచంద్రంలా ఉంటుంది. పట్టుకున్నాను గానీ గుడ్డలో గుచ్చలేకపోయాను. గుచ్చుకుంటుందని భయమనుకుని "మెల్లగా, మెల్లగా" అన్నాడు. భయం కాదు వదినా. సూది పట్టిన రోజులు చేతికి గుర్తొచ్చాయి. దాన్ని బల్ల మీద పెట్టి, బయటికెళ్ళి మంచినీళ్ళు తాగి, హాస్టలు వీధి దాకా నడిచి, సైకిళ్ళ షాపులో బెల్లు బిగిస్తున్న ఆయన్ని కాసేపు చూసి వచ్చాను. తర్వాత సాయంత్రం దాకా కుట్టాను. బాబాయ్ కళ్ళజోడు పైకెత్తి కుట్టు చూసి "రోగి బతికాడు" అన్నాడు.

షాపులో ఇంకొకాయన ఉన్నాడు, చెక్క పని చేసే వడ్రంగి. నాతో మర్యాదగానే ఉంటాడు. నేను లోపలికి వచ్చినప్పుడల్లా తన పనిముట్ల పెట్టెకి తాళం వేసుకుంటాడు.

గువ్వ


డ్రైక్లీనింగ్ షాపు
బుధవారం

గువ్వా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటి సగం చదివినప్పుడు షాపు తలుపు వేసుకున్నాను. ఆ ఏడాది నెలకోసారి ఫోన్ చేసి "బాగున్నావా" అంటే "బాగున్నా" అనేదానివి, నేనూ అంతటితో పెట్టేసేదాన్ని. ఇంకేమీ అడగలేదు నేను. ఇకమీదట అడుగుతాను, విసుక్కుంటే విసుక్కో.

రెండో సగం మీ అన్నయ్య వినేలా పైకి చదివాను. విననట్టే ఉన్నారు. భోజనం అయ్యాక "ఆ వడ్రంగి తాళం వేస్తాడా?" అన్నారు. చేతులు కడుక్కుంటూ మళ్ళీ అన్నారు. పడుకునేముందు "మంచి తాళమేనా, ఊరికే అలా తగిలిస్తాడా?" అన్నారు. నాకు నవ్వాపుకోవడం కష్టమైంది. ఆయన మాత్రం నవ్వలేదు.

నీ దూది బాబాయ్ పెళ్ళాం ఉన్నాడా, ఒంటరివాడా? ఊరికే అడుగుతున్నాను. మా షాపుకి వచ్చే టీచరమ్మ పెళ్ళిళ్ళు కుదుర్చుతుంది.

వదిన


హాస్టలు
శుక్రవారం

వదినకి,

'పెళ్ళాం ఉన్నాడా' అని రాశావు. తొందరలో రాసి ఉంటావు, నేను మాత్రం షాపులో చదివి వినిపించాను. బాబాయ్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయిందట. టీచరమ్మకి తన నమస్కారాలు చెప్పి, పొద్దున్నే లేచే మనిషైతే వద్దని చెప్పమన్నాడు.

ఈ నెలంతా సంఘటనలే. మొదటిది నా జ్ఞానదంతం. దవడ వాచి కంటిదాకా వచ్చింది, 'దూది కూరిన దిండులా ఉన్నావు' అన్నాడు బాబాయ్. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే కంప్యూటర్లో నా వివరాలు చూసి గొంతు మార్చాడు. "నొప్పి అని చాలామంది వస్తుంటారు" అన్నాడు. నేను అడిగింది పన్ను పీకమనే, మాత్రలు కాదు. అసలు గట్టి మాత్ర ఇస్తానన్నా వద్దనేదాన్ని. కానీ అడక్కముందే లేదనిపించుకోవడం ఒక రకంగా ఉంటుంది. పన్ను పీకించుకుని, మామూలు మాత్ర ఒకటి వేసుకుని, రెండు రోజులు ఐసుముక్క బుగ్గకి పెట్టుకుని పడుకున్నాను. మేట్రన్ జావ కాచి తెచ్చింది. నొప్పి దానంతటదే తగ్గింది. నొప్పి అలా కూడా తగ్గుతుందన్న సంగతి నేను మరిచేపోయాను.

రెండోది. ఒక పెద్ద ఆస్పత్రి వాళ్ళు వేచి ఉండే హాల్లో కుర్చీలన్నీ బాగుచేయాలని బాబాయ్‌ని పిలిచారు. నేను పనిచేసిన ఆస్పత్రే. అక్కడికే వెళ్ళి చేయాలట. పనివాళ్ళ వివరాలు అడిగి, నా కేసు చూసి, ఈవిడ లోపలికి రాకూడదు, మాకు రూలు ఉంది అన్నారు. బాబాయ్ ఫోన్‌లో మాట్లాడుతుంటే నేను పక్కనే ఉన్నాను.

"మనిషి రాకూడదు. కుర్చీలు బయటికి రావచ్చా?" అన్నాడు.

అవతల ఏదో అన్నారు.

"కుర్చీల మీద కేసులేమీ లేవు కదండీ. అయితే ఇక్కడికే పంపండి. నా దగ్గర మూలలు అంత నీటుగా కుట్టేది ఆవిడే. ఆవిడ కుట్టకపోతే నేను ఒప్పుకోను."

పెద్ద బేరం పోతుందేమోనని, నన్ను వదిలేయమని సైగ చేశాను. మర్నాడు వ్యానులో కుర్చీలు వచ్చాయి. షాపు, గుమ్మం, కాలిబాట అంతా కుర్చీలే. ఆ కుర్చీల్లో రాత్రులు కూర్చునే మనుషుల్ని నేను ఎంతమందిని చూశానో. లోపల ఎవరికో ఆపరేషన్ జరుగుతుంటుంది, వీళ్ళు అంచు మీద కూర్చుని ఉంటారు, వెనక్కి వాలరు. అందుకే అంచులన్నీ అరిగిపోయాయి. అంచు దగ్గర దూది రెండు పొరలు ఎక్కువ వేద్దామన్నాను. వేశాం.

ఆ తొందరలో వడ్రంగి పెట్టె తెరిచే పెట్టి భోజనానికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చి చూసుకున్నాడు, నా వైపు చూశాడు. "ఆ చిన్న సుత్తి ఇటు అందుకో" అన్నాడు. అందించాను. మర్నాటి నుంచి తాళం కనపడలేదు. ఈ సంగతి పైకి చదువు.

మూడోది గది. హాస్టల్లో గడువు అయిపోతోంది. చూసిన ప్రతి ఇంటివాళ్ళూ పాత వివరాలు తీయించి కుదరదన్నారు. బాబాయ్ షాపు పైన సామాను గది ఖాళీ చేసి ఇస్తానన్నాడు. రెండు కిటికీలు, గ్యాస్ పొయ్యి, కిందంతా జిగురు వాసన. వచ్చే వారం మారుతున్నాను.

వదినా, అన్నయ్యకి ఇంకా కోపమైతే ఉండనీ. కానీ ఒకసారి వచ్చి తిట్టి వెళ్ళమను. కూర్చుని తిట్టడానికి ఇప్పుడు నా దగ్గర మంచి కుర్చీలు ఉన్నాయి.

గువ్వ


డ్రైక్లీనింగ్ షాపు
సోమవారం

గువ్వా,

వడ్రంగి సంగతి పైకి చదివాను. మీ అన్నయ్య లేచి పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చి, "ఇక చెప్పేసెయ్" అన్నారు. కాబట్టి చెప్తున్నాను. ఫోన్‌లో చెప్పమంటే నా వల్ల కాదు. ఇన్నాళ్ళూ నీతో ఫోన్‌లో మాట్లాడకుండా ఉత్తరాలు రాసింది కూడా అందుకే. నా గొంతు వింటే నువ్వు పట్టేస్తావు.

మీ అన్నయ్యకి నీ మీద కోపం లేదు. కోర్టు రోజున ఉండేదేమో, ఇల్లు చేరేసరికే పోయింది. అలా లేచి వచ్చేశాక మళ్ళీ ఎలా పలకరించాలో తెలియక ఆగిపోయారు. నీ మొదటి ఉత్తరం అందిన సాయంత్రమే ముందుగది సర్దారు. మంచం ఎటు వేస్తే గాలి వస్తుందో పడుకుని చూశారు. మర్నాడు డిపో ఆఫీసులో, మా చెల్లెలు వచ్చి ఉంటుంది అని చెప్పడానికి వెళ్ళారు. మత్తుమందు కేసులో శిక్ష పడినవాళ్ళు డిపో క్వార్టర్స్‌లో ఉండకూడదట. సొంత అన్న ఇల్లయినా సరే. ఉంచుకుంటే ఇల్లు ఖాళీ చేయాలి. పై అధికారి దగ్గరికి కూడా వెళ్ళారు. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి ఆ వరండాలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డారట. కుదరదన్నారు.

ఇంటికొచ్చి నాతో ఒకటే మాట. "నా కోపం అని రాసెయ్. కోపమైతే ఎప్పటికైనా తగ్గుతుందని దానికి ఆశ ఉంటుంది. రూలని తెలిస్తే ఇక జన్మంతా ఇంతేనా అనుకుంటుంది." పైగా తనని ఇల్లు ఖాళీ చేయమంటారని నీకు తెలిస్తే, నువ్వు మాకు రాయడం కూడా మానేస్తావని భయం.

ఇప్పుడు ఆయన క్వార్టర్స్ వదిలేసి బయట ఇల్లు తీసుకుందామంటున్నారు. ఇళ్ళు చూస్తున్నారు కూడా. నాకు సమ్మతమే. నువ్వు ఊఁ అంటే చాలు.

తిట్టాలనుకుంటే ముందు నన్ను తిట్టు.

వదిన


సోఫాల షాపు, పై గది
గురువారం

వదినకి,

తిట్టాను. పొద్దున నీ ఉత్తరం చదివి, షాపు తెరిచి, కుర్చీకి మేకులు పీకుతూ మీ ఇద్దరినీ గంటసేపు తిట్టాను. లేని కోపానికి ఇన్నాళ్ళూ క్షమాపణలు తయారుచేసుకున్నాను తెలుసా? స్నానం చేస్తూ, నడుస్తూ, బట్టలు ఆరేస్తూ. ఎంత బాగా కుదిరాయనుకున్నావు. అన్నీ వృథా.

తర్వాత అన్నయ్య గాలి కోసం మంచం మీద పడుకుని చూసిన సంగతి గుర్తొచ్చింది. మేకులు పీకడం ఆపి కిందే కూర్చుండిపోయాను. బాబాయ్ టీ తెచ్చిపెట్టాడు.

ఊఁ అనను. క్వార్టర్స్ వదలొద్దు. రిటైరయ్యేదాకా ఉండే ఇల్లు, నీ షాపుకి నడిచి వెళ్ళే దూరం. నాకు గది ఉంది, వదినా. ఈ మాట గొప్పకి కాదు, నిజంగానే ఉంది. తాళంచెవి నా మెడలో ఉంది. కిటికీలో పెరుగు గిన్నె పెట్టుకున్నాను. కింద పనుంది, పైన నిద్ర ఉంది.

ఇంకొకటి. నర్సు రిజిస్ట్రేషన్ సంగతి తేల్చారు. ఇవ్వరట. ఇంకొన్నేళ్ళ తర్వాత మళ్ళీ అడగొచ్చట. చదివినప్పుడు బాధేసింది. అబద్ధం ఎందుకు, అది నేను ఇష్టంగా చేసిన పని. గడువు వస్తే మళ్ళీ అడుగుతాను. ఆ రోజు మాత్రం ఒక పెళ్ళికూతురి తల్లి హడావిడిగా ఇచ్చిన సోఫా ఉంది, దాని చేతులు కుట్టాలి. కుట్టాను. రాత్రి బాగానే నిద్రపట్టింది.

వచ్చే ఆదివారం అన్నయ్యని పంపు. నీకు షాపు వదలడం కుదరదని తెలుసు, నువ్వు తర్వాత రా. వచ్చేముందు తిట్లు రాసిపెట్టుకోవద్దను. మాట్లాడటానికి ఏదైనా వేరే వెతుక్కోమను.

గువ్వ


డ్రైక్లీనింగ్ షాపు
మంగళవారం

గువ్వా,

ఆదివారం సాయంత్రానికి రావలసిన మనిషి సోమవారం పొద్దున వచ్చారు. కంగారుగా "ఏమైంది?" అంటే "బస్సు తప్పింది" అన్నారు. టైమ్‌కీపరుకి బస్సు తప్పింది. ఈ మాట డిపోలో తెలిస్తే పెన్షన్ ఆపేస్తారు.

"ఏం తిన్నారు?" అన్నాను. "ఆమ్లెట్లు." "ఏం మాట్లాడుకున్నారు?" "ఏం లేదు." "మరి రాత్రంతా ఏం చేశారు?" "అది మేకులు కొట్టింది, నేను అందించాను." అంతే, ఇంకొక్క మాట రాబట్టలేకపోయాను. నేల మీద పడుకున్నారా, మంచం మీద పడుకున్నారా అంటే, అమ్మడానికి పెట్టిన సోఫా మీద బాబాయ్ పడుకోమన్నాడని, అంత మెత్తటి దాని మీద ఎప్పుడూ పడుకోలేదని అన్నారు. తర్వాత స్నానం చేస్తూ కూనిరాగం తీశారు. పెళ్ళయిన కొత్తలో విన్నాను ఆ గొంతు. బాగుండదు, నీకు తెలుసుగా. ఆపమనలేదు.

ఆయన కూడా ఏదో రాస్తారట. నన్ను కౌంటరు వెనక నుంచి లేపి నా కుర్చీలో కూర్చున్నారు. నేను బయట బట్టలు తగిలిస్తున్నాను.

వదిన


అదే షాపు, అదే రోజు

గువ్వా,

క్షేమం. నువ్వు కూడా క్షేమమని చూసి వచ్చాను కాబట్టి అడగడం లేదు.

రాయడం నాకు అలవాటు లేదు. మీ వదిన రాయమంది. ఒక విషయం ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఇవాళ డిపోలో భోజనాల దగ్గర కొత్త మెకానిక్ ఒకడు, బస్సుల్లో డ్రైవరు సీట్లు చినిగిపోయి స్ప్రింగులు గుచ్చుకుంటున్నాయి, కుట్టేవాళ్ళు దొరకడం లేదు అన్నాడు. ఇదివరకు డిపోలో ఎవరైనా ఇంటి సంగతులు ఎత్తితే నేను లేచి గేటు దగ్గరికి వెళ్ళిపోయేవాణ్ణి. మీకు తోబుట్టువులు ఉన్నారా అంటే, ఒకసారి లేరని కూడా చెప్పాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అన్నం దిగదు.

ఇవాళ లేవలేదు. "మా చెల్లెలు సోఫాలు కుడుతుంది, అడిగి చెప్తాను" అన్నాను. అందరూ నా వైపు చూశారు. కొందరికి నీ సంగతి తెలుసు. ఒకడు "బాగా కుడుతుందా?" అన్నాడు. ఆదివారం బస్సు తప్పి, రాత్రి నువ్వు కుట్టిన సోఫా మీదే పడుకున్నాను అని చెప్పాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సీట్లు కుడతావా లేదా రాయి. తొందరేమీ లేదు.

అన్నయ్య